ఊదా రంగు తిరిగిన ఫిల్టర్ పేపరు

నాతో వాదించి గెలిచినవాళ్లు నా జీవితంలో ఇద్దరే. ఒకరు మా అమ్మ. ఆమె గెలుపులో న్యాయం పాలు తక్కువ, గరిటె పాలు ఎక్కువ. రెండోవారు మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అందుకని అక్కా అంటాను. ఆమె నన్ను మేడం అంటుంది. ఆమె చదివింది ఏడో తరగతి, నాది ఎమ్మెస్సీ. పాతికేళ్లుగా ఆడపిల్లలకు లవణాల పరీక్షలు నేర్పుతున్నదాన్ని. అయినా ఆ ల్యాబులో ఎవరు ఎవరికి ఏం నేర్పారని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు కాస్త నీళ్లు తాగాలి నేను.

మేం చేసే పని బయటివాళ్లకు గారడీలా ఉంటుంది. సీసాలో నీళ్లలాంటి ద్రావణం ఇస్తాం. అందులో ఏదో లోహం కరిగి ఉంటుంది, కంటికి కనపడదు. దానికి సరిపోయే మందు చుక్క పడగానే అది పేరుకుని కిందికి దిగుతుంది. ఆ పేరుకున్నదాన్నే పుస్తకంలో అవక్షేపం అంటారు. కాస్టిక్ సోడా వేస్తే రాగి నీలంగా దిగుతుంది, ఇనుము తుప్పు రంగులో. అల్యూమినియం తెల్లగా దిగి, ఇంకో నాలుగు చుక్కలు పడేసరికి మళ్లీ కరిగి మాయమవుతుంది. ఏది దిగింది, ఏ రంగులో దిగింది, ఇంకాస్త వేస్తే ఉందా పోయిందా, ఇంతే లెక్క.

"ఇదంతా మెషీన్ ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది కదా మేడం?" అని ఏటా ఒక పిల్ల అడుగుతుంది.

"మీ అమ్మ చారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ఏ మెషీను వాడుతుందో కనుక్కుని రా," అంటాను. ఏటా ఇదే జవాబు. ఏటా వెనక నిలబడి అక్క నవ్వుతుంది.

అక్క మగ్గం ఉన్న ఇంట్లో పుట్టింది. వాళ్లది తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగు నేతగాళ్ల కుటుంబం. అందుకేనేమో రంగు విషయంలో ఆమె కంటికి తిరుగులేదు. ఇనుములో ఒక రకం ఆకుపచ్చగా దిగుతుంది, నికెలూ ఆకుపచ్చే. పిల్లలు ప్రతిసారీ తికమక పడతారు. పుస్తకం ఒకదాన్ని మురికి ఆకుపచ్చ అంటుంది, రెండోదాన్ని లేత ఆకుపచ్చ అంటుంది. అక్క అట్లా చెప్పదు. "ఇది పాచి పచ్చ. అది మామిడిపిందె పచ్చ. పాచి పచ్చ చీర ఎవరైనా కడతారా? కట్టరు. అది ఇనుము," అంటుంది. ఆ మాట విన్న పిల్ల చచ్చినా మరచిపోదు. కాకపోతే రికార్డు పుస్తకంలో మామిడిపిందె పచ్చ అని రాసుకొస్తుంది. నేను ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

ఈ విషయమై మాకు బోలెడు గొడవలయ్యాయి.

"పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులు రావు అక్కా."

"మార్కులు రాకపోతే పోనీ మేడం. కంటికి గుర్తుంటాది కదా."

"కంటికి డిగ్రీ ఇవ్వరు."

"ఇచ్చుంటే నాకూ ఒకటి వచ్చుండు," అనేసి బీకర్లు కడగడానికి వెళ్లిపోయేది.

ఆమె గురించి ఇంకొకటి చెప్పాలి. పిల్లలు మందు వెయ్యగానే రంగు రావాలని గొట్టాన్ని ఊపేస్తుంటారు. అక్క వెనకనుంచి వెళ్లి మణికట్టు పట్టుకుంటుంది. "నిలుచుకోమ్మా. అది దిగేదానికి దానికీ టైం కావల్ల కదా. సుమ్నే, ఊరికే ఊపితే ఏం కనిపిస్తాది?" అంటుంది. నేను పాతికేళ్లలో చెప్పిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ నిలుచుకోమ్మాకు సరిరావు. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది పెట్టే సంగతి ముందుంది.

అక్క తమ్ముడికి చిక్కపేటలో పట్టుచీరల అంగడి ఉంది. అంగడి అంటే పెద్ద అద్దాల షోరూము అనుకునేరు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. చీర విప్పి చూపించాలంటే ఆయన వీధిలోకి దిగాలి, బండ్లు లాగేవాళ్లు పక్కకు తప్పుకోవాలి. మగ్గం మీద నేయించి తెచ్చిన సరుకే పెడతాడు. అసలు జరీ అంటే అసలు జరీ, కాదంటే కాదు, అని ముందే చెప్పి అమ్ముతాడని అక్క మాట. మా పిన్నమ్మకు షష్టిపూర్తికి చీర కావాల్సి వస్తే నేనే అక్కడికి పంపాను.

పిన్నమ్మది బ్రూక్‌ఫీల్డ్‌లో పదకొండో అంతస్తు. చీర చూసి పొంగిపోయింది. మా చుట్టాల్లో మరో రెండు ఇళ్లవాళ్లు కూడా పెళ్లిచీరలు అదే అంగట్లో నేయించమని చెప్పారు. షష్టిపూర్తి నాడు పక్క ఫ్లాటావిడ పిన్నమ్మ కొంగు పట్టుకుని చూసి, చివర వేలాడే జరీ పోగును గోటితో గీకింది. లోపల ఎర్రగా కనపడింది. "ఆంటీ, ఇది కాపర్! మీరు మోసపోయారు," అంది, పీటల మీద కూర్చున్న మనిషితో.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"అమ్మణ్ణీ, నువ్వు చెప్పినావనే కదే నేను ఆ అంగడికి పోయింది? అందరి ముందర తల తీసేసినట్టు అయింది నాకు."

"గోటితో గీకితే తేలే విషయమైతే మేమంతా ఎందుకు పిన్నమ్మా, గోళ్లు పెంచుకుంటే చాలు కదా? ఒక జానెడు పోగు తీసిపెట్టు, నేను పరీక్ష చేసి చెబుతాను," అన్నాను.

ఆ గొంతులో ఎంత ధీమా ఉండిందో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అసలు జరీలో పట్టు పోగు చుట్టూ వెండి తీగ చుట్టి ఉంటుంది, పైన బంగారు పూత. వెండి మరీ మెత్తన కాబట్టి తీగలో కొంత రాగి కూడా కలుపుతారు. దొంగ జరీలో తీగంతా రాగి, పైన మాత్రం పలచటి వెండి పూత. ఆ దొంగ సరుకుకు బజారులో టెస్టెడ్ జరీ అని పేరు. పరీక్షలో తప్పినదానికి ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరోగానీ, దొరికితే రెండు మాటలు అడగాలని ఉంది. పరీక్ష మాత్రం తేలిక. పోగును నైట్రిక్ యాసిడ్‌లో కరిగించాలి. కరిగిన దాంట్లో ఉప్పునీళ్లు వేస్తే వెండి తెల్లగా, పాలు విరిగినట్టు, గడ్డకట్టి దిగుతుంది. వేరే కొంచెంలో అమ్మోనియా వేస్తే రాగి ముదురు నీలంగా బయటపడుతుంది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చేసే పని.

శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక చేశాను. కావాలనే ఆ సమయం ఎంచుకున్నాను. అక్క ముందు చేస్తే మొహమాటం అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. తమ్ముడి వ్యవహారం కదా, చెయ్యి అడ్డం పెడుతుందేమో అనుకున్నాను. ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడి ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కానివ్వని మనిషిని గురించి అనుకున్న మాట అది.

ఆ వేసవిలో ఊరంతా నీళ్లకు కటకట. బోర్లు ఎండిపోయి మా కాలేజీకి ట్యాంకరు నీళ్లు వచ్చేవి. ఆ నీళ్లతో బకెట్టు కడిగితే బకెట్టుకే తెల్ల చారలు పడేవి. మేం పరీక్షలకు వాడేది అట్లాంటి నీళ్లు కాదు, ఆవిరి పట్టి చల్లార్చిన శుద్ధమైన నీళ్లు. ఆవిరి యంత్రం నడవాలంటే కొళాయి ఆగకుండా పారాలి, అది కుదరదు. అందుకని అక్క ఉన్న నాలుగు క్యాన్ల శుద్ధమైన నీళ్లనూ పిల్లల ఫైనలు పరీక్షల కోసం అల్మారాలో పెట్టి తాళం వేసింది. బల్లల మీది వాష్ బాటిళ్లలో ట్యాంకరు నీళ్లే నింపింది. గొట్టాలు కడగడానికి మాత్రమే అని వాటి మీద కాగితం కూడా అంటించింది.

ఆ కాగితం నేను చదివాను. చదివి, జానెడు పోగు కోసం తాళంచెవి ఎక్కడ వెతకను అనుకుని, ఆ సీసానే పిండాను. ఒక పిల్ల ఆ పని చేసి ఉంటే ఆమెను గది బయట నిలబెట్టేదాన్ని.

పోగును పట్టుతో సహా యాసిడ్‌లో వేశాను. పట్టు పసుపుపచ్చగా తిరిగి చీకిపోయింది, తీగ కరిగింది, ఎర్రటి పొగ వచ్చింది. నీళ్లు కలిపాను. తెల్లగా, మురికిగా, తరకలు తరకలుగా అయింది. చీకిన పట్టు, అంతే, అనుకుని ఫిల్టర్ పేపరులో వడగట్టాను. కిందికి తేటగా దిగిన నీళ్లలో ఉప్పునీళ్లు వేశాను. ఏమీ లేదు. ఇంకో రెండు చుక్కలు వేశాను. గాజులా తేటగా ఉంది. వేరే కొంచెంలో అమ్మోనియా వేశాను. నీలం వచ్చింది, చక్కటి నీలం.

ఆ ఫిల్టర్ పేపరును కిటికీ గట్టు మీద పడేసి, పిన్నమ్మకు ఫోను చేశాను. "వెండి చుక్క కూడా లేదు. అంతా రాగి."

పిన్నమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆదివారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. "మా అమ్మాయి కాలేజీ ల్యాబులో టెస్టు చేసి చెప్పింది, వెండి అనేదే లేదంట," అని. చీరలు చెప్పిన రెండు ఇళ్లవాళ్లూ ఆ సాయంత్రమే చిక్కపేట వెళ్లారు. అంగడి ముందర వీధిలో నిలబడి, పక్క అంగళ్లవాళ్లంతా వింటుండగా అరిచి, మాకు ఏమీ వద్దని చెప్పి వచ్చేశారు. ఆ వీధిలో మాట పోయినవాడి చీర ఇంకెవరూ విప్పించరు.

ఇదంతా నాకు సోమవారం పొద్దున తెలిసింది, అక్క నోటి నుంచే.

ఆమె ఏడుస్తూ వస్తుందనో అరుస్తూ వస్తుందనో అనుకుని ఉండేదాన్నేమో, ముందే తెలిసి ఉంటే. రెండూ కాదు. ల్యాబు తెరిచి, తుడిచి, బల్లలు సర్ది, చిన్న గాజు పళ్లెంలో ఒక కాగితం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. చెప్పి ఆ కాగితం నా ముందర పెట్టింది.

"శనివారం ఇక్కడ ఏం చేసినారు మేడం?"

"అదే, పరీక్ష చేశాను. మీ తమ్ముడి జరీని..."

"అది సరే. ఈ కాగితం మీదేనా?"

చూశాను. కిటికీ గట్టు మీద నేను పడేసిన ఫిల్టర్ పేపరు. శనివారం అది తెల్లగా ఉంది. ఆదివారమంతా ఎండ పడింది. ఇప్పుడు వంకాయ రంగు తిరిగి ఉంది.

"మన ల్యాబులో ఎండకు పెడితే ఊదా రంగు తిరిగేది ఏది మేడం?" అంది అక్క. పిల్లలను అడిగినట్టు కూడా అడగలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. ఆ మర్యాదకు నాకు ఒళ్లు మండింది.

ఎండకు ఊదా రంగు తిరిగేది వెండి క్లోరైడే. ఉప్పుతో కలిసి పేరుకున్న వెండి.

కాగితం మడత విప్పాను. ఎండ తగలని లోపలి మడతలో ఇంకా తెల్లగా ఉంది. కొంచెం గీకి గొట్టంలో వేసి అమ్మోనియా పోశాను. కరిగిపోయింది. యాసిడ్ పోశాను. మళ్లీ తెల్లగా దిగింది. ఇంతకంటే గట్టి రుజువు ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఉప్పునీళ్లు వెయ్యకముందే, ట్యాంకరు నీళ్లలో ఉన్న ఉప్పుతో వెండి అంతా పేరుకుపోయింది. దాన్ని పట్టు మురికి అనుకుని వడగట్టి గట్టు మీద పడేసి, తేట నీళ్లలో వెతికాను లేదని.

అయినా నా నోరు నా నోరే. "సరే, వెండి ఉంది. అయితే ఏం? దొంగ జరీకీ పైన వెండి పూత ఉంటుంది కదా. ఈ కాగితం ఒక్కటీ ఏమీ తేల్చదు," అన్నాను.

"అదే నేనూ చెప్పేది. దొంగ జరీలో కూడా పూతంత ఉంటాది. మీకు అదీ రాలేదు. చుక్క కూడా లేదు అన్నారు. ఏ జరీ వేసినా చుక్క కూడా రాకుండా ఉండేదానికి లేదు కదా మేడం? ఆ మాట గొట్టం చెప్పినప్పుడే గొట్టంలో ఏమో తప్పుండాది అని అనుకోవల్ల కదా?"

కుర్చీలో వెనక్కి వాలాను. రసాయనశాస్త్రంలో నేను చూసిన మంచి తర్కాల్లో అదొకటి. అది నాకు రావాల్సింది. రాలేదు. నేను వెతికిందీ నాకు దొరికిందీ ఒకటే అయ్యేసరికి అక్కడితో ఆగిపోయాను.

"ఆ ఫ్లాటావిడ గీకితే లోపల ఎర్రగా ఉందట," అన్నాను, ఇంకా ఏదో పట్టుకుని వేలాడుతూ.

"అసలు జరీలో లోపల ఎర్ర పట్టు పోగే ఉంటాది మేడం. మా నాయన కాలం నుంచీ అంతే. కానీ దాన్ని బట్టి మా తమ్ముడు మంచోడని చెప్పను. ఇప్పుడు దొంగ జరీలో కూడా ఎర్ర పోగే పెడతా ఉండారు."

చూశారా? తమ్ముడికి పనికొచ్చే మాట ఒకటి చేతికి అందితే, దాన్ని తనే విరిచి పక్కన పడేసింది. ఈమె పక్షపాతం చూపిస్తుందని నేను తలుపులు వేసుకుని చేశాను.

"అయితే ఏం చేద్దాం అక్కా?"

ఆమె ఆలోచించి పెట్టుకునే వచ్చింది. "మూడు పోగులు పెడదాం. ఒకటి మీ పిన్నమ్మగారి చీరది. ఒకటి బజారులో దొరికే టెస్టెడ్ జరీ. ఒకటి నా పెళ్లిచీరది, అది మా నాయన నేసింది, దాని జరీ ఏందో నాకు తెలుసు. మూడూ ఒకే తూకం. ఏ గిన్నెలో ఏది ఉండాదో నాకు తెలియకూడదు. నేను వాడి అక్కను."

"సరే, నేను వేసి పెడతాను."

"మీకూ తెలియకూడదు మేడం."

"నాకేం పక్షపాతం?"

"మీరు ఒకసారి చెప్పేసినారు కదా. చెప్పేసిన మాట మీద పక్షపాతం ఉండదా?"

ఇక్కడ కూడా ఓడాను. ఒకే పొద్దున రెండుసార్లు. పెద్ద పెద్ద మందుల కంపెనీలు ఎంతో ఖర్చుపెట్టి పాటించే పద్ధతి ఇది. మందు ఎవరికి, ఉత్తుత్తి మాత్ర ఎవరికి అన్నది ఇచ్చేవాళ్లకూ తెలియకూడదు, చూసేవాళ్లకూ తెలియకూడదు. అక్క అది ఎక్కడా చదవలేదు. తన మీద తనకే అనుమానం పెట్టుకోగల మనిషికి ఆ పద్ధతి తనంతట తనే తడుతుందని ఆ రోజు నాకు తెలిసింది.

బుధవారం పిన్నమ్మ వచ్చింది. ఓలా దిగి, మెట్లెక్కి, రొప్పుతూ, మా ల్యాబు వాసనకు ముక్కు మూసుకుని. ఎవరి చీరను దొంగది అన్నారో వాళ్ల చేతే గిన్నెలు పెట్టించాలని అక్క పట్టు. అన్యాయం జరిగిందని అనుకుంటున్నవాళ్ల చేతిలోనే గుట్టు ఉండాలట.

"నేనా? నాకేం తెలుసప్పా ఇవన్నీ?" అంది పిన్నమ్మ.

"తెలియకపోతేనే మంచిదమ్మా," అంది అక్క.

తూకం గదిలో పిన్నమ్మకు త్రాసు ఎట్లా వాడాలో చూపించి తలుపు వేసి వచ్చాను. మూడు పోగుల ఉండలను సరిసమానంగా తూచి, మూడు చిన్న పింగాణీ గిన్నెల్లో వెయ్యాలి. గిన్నెల మీద ఒకటి, రెండు, మూడు అని పెన్సిలుతో రాసి ఉంది. దేంట్లో ఏది వేసిందో కాగితం మీద రాసుకుని సంచిలో పెట్టుకోవాలి. లోపలి నుంచి పది నిమిషాలు గొణుగుడు వినపడింది. "ఇది ఎగిరిపోతా ఉండాదే! ఫ్యాను ఎవరు వేసింది?" అని ఒకసారి అరిచింది కూడా.

గిన్నెలు బయటికి వచ్చాయి. పట్టును నేనే కాల్చాను. అది శనివారమే చెయ్యాల్సిన పని. అక్క మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఏమైంది?" అన్నాను.

"కాలిన తీగ రంగు చూస్తే నాకు తెలిసిపోతాది మేడం. మా ఇంట్లో పాత చీరల జరీ కాల్చేటప్పుడు చూసినదాన్ని. పేరుకున్నాక చూస్తాను."

మూడింటినీ యాసిడ్‌లో కరిగించాను. నీళ్లు కలిపే ముందు అక్క అల్మారా తాళం తీసి ఒక క్యాను తెచ్చింది. రెండు గొట్టాలు తీసుకుని ఒకదాంట్లో క్యాను నీళ్లు, ఒకదాంట్లో వాష్ బాటిల్ నీళ్లు పోసి, పిన్నమ్మ కళ్లకు ఎదురుగా పట్టుకుంది. నాకు సైగ చేసింది. నేను రెండింట్లోనూ వెండి నైట్రేటు చుక్క వేశాను. క్యాను నీళ్లు తేటగానే ఉన్నాయి. వాష్ బాటిల్ నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

"ఇదేమే, నీళ్లు విరిగిపోయినాయి?" అంది పిన్నమ్మ.

"ట్యాంకరు నీళ్లు పిన్నమ్మా. శనివారం నేను వాడినవి."

ఇక మూడు గొట్టాలు. చెక్క స్టాండులో పక్కపక్కన. ఉప్పునీళ్లు నేనే వేశాను, ఒక్కోదాంట్లో అవే చుక్కలు. నా చెయ్యి అలవాటుగా ఊపబోయింది. అక్క చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

నిలబడ్డాం. ఫ్యాను ఆపేసి ఉంది. వీధిలో ఎవరో ఆటో స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. మొదటి గొట్టంలో తెల్లగా, తోడుకున్నట్టు, గడ్డలు గడ్డలుగా దిగడం మొదలైంది. మూడోదాంట్లోనూ అంతే. మధ్యదాంట్లో పలచటి పొగ లాంటిది లేచి, అడుగున సన్నటి తెల్లటి గీత ఏర్పడి, ఆగిపోయింది. పక్కకు తీసిపెట్టిన భాగాల్లో అమ్మోనియా వేశాను. ఒకటి, మూడు లేత నీలం. మధ్యది సిరా.

అక్క వంగి చూసింది. అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్లీ చూసింది. ఆమె మెడ మీద చెమట పట్టడం నాకు కనపడింది. మూడింట్లో ఒకటి ఆమె తమ్ముడి మాట. మధ్య గొట్టం అతనిదైతే, ఆ మాట ఆమె నోటితోనే బయటికి రావాలి.

"మధ్యలోది దొంగ జరీ," అంది. "అది ఎవరిదైనా సరే. మిగతా రెండూ అసలుదే. మూడోదాంట్లో మొదటిదానికన్నా వెండి స్వల్ప తక్కువ ఉండాది."

"స్వల్ప తక్కువ అని చెప్పాల్సిన అవసరం లేదు అక్కా," అన్నాను మెల్లగా. గొట్టాల్లో ఆ తేడా చూడాలంటే నేను భూతద్దం పెట్టుకోవాలి.

"ఉండేది చెప్పకపోతే ఇంత కష్టం ఏమిటికి పడినాము?"

పిన్నమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. కళ్లద్దాల డబ్బా వచ్చింది, మెట్రో కార్డు వచ్చింది, ఏలకుల పొట్లం వచ్చింది. కాగితం రాలేదు. నాకు అరవాలనిపించింది. చివరికి జాకెట్టులోంచి తీసింది.

"ఒకటి, ఈమె పెళ్లిచీర. రెండు, బజారుది. మూడు, నాది."

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ల్యాబు నడుస్తుండగా ఆమె కూర్చోవడం నేను చూడలేదు.

"మా నాయన కాలం జరీలో వెండి ఎక్కువుండేదమ్మా," అంది పిన్నమ్మతో. "ఇప్పుడు అసలు జరీ అంటే ఇంతే వస్తా ఉండాది. మా తమ్ముడు ఇదే చెప్పి అమ్మినాడు. మా నాయన జరీ అని చెప్పలేదు."

"చెప్పలేదులే," అంది పిన్నమ్మ. మనిషి నిజంగా నొచ్చుకుంది. "నా నోరే పాపిష్టిది. ఇప్పుడే గ్రూపులో పెట్టేస్తాను, అదంతా తప్పు, చీర బాగుండాది అని." ఫోను తీసింది.

"మీరు కాదమ్మా," అంది అక్క. "మేడం చెప్పినారు అని గ్రూపులో ఉండాది. కాలేజీ ల్యాబు అని ఉండాది. మీరు చెప్తే, పాపం పెద్దామె, సర్దుకున్నది అనుకుంటారు. మేడమే చెప్పల్ల."

న్యాయమైన మాట. పిన్నమ్మ ఫోను నా చేతికి వచ్చింది. మొదటిసారి నాలుగు నిమిషాలు మాట్లాడాను. ట్యాంకరు నీళ్లలో ఏమేం ఉంటాయో, వేసవిలో కాలేజీ ఎంత ఇబ్బంది పడుతోందో, క్లోరైడు అంటే ఏమిటో అన్నీ చెప్పాను. అక్క మొత్తం ఓపిగ్గా విన్నది.

"బాగుండాది మేడం. కానీ మా తమ్ముడు యాడొచ్చినాడు దీంట్లో?"

చెరిపేశాను. రెండోసారి సూటిగా చెప్పాను. శనివారం నేను చేసిన పరీక్షలో ఒక చిన్న పొరపాటు జరిగిందని, చీరలోది అసలు జరీయేనని, ఆ అంగడి ఆయన చెప్పిందంతా నిజమేనని. నా మట్టుకు నాకు బాగానే అనిపించింది.

"చిన్న పొరపాటు అన్నారు," అంది అక్క.

"అవును."

"చిన్న తీసేయండి మేడం."

"అక్కా, పొరపాటు అన్నాక పొరపాటే కదా. చిన్నది అంటే ఏం, పెద్దది అంటే ఏం?"

"అట్లయితే తీసేస్తే ఏం పోతాది?"

పిన్నమ్మ నా వైపు చూసి, ఆమె వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని కళ్లను చూస్తే తెలుస్తోంది.

"జరిగింది అని కూడా అన్నారు," అంది అక్క, ఇంకా మెత్తగా. "తనంతట తానే జరిగినట్టు ఉండాది."

మూడోసారి రికార్డు చేశాను. నేను తప్పు చేశాను, వాడకూడని నీళ్లు వాడాను, ఆయన మాట నిజం, నాది అబద్ధమైంది, ఆ అంగడికి వెళ్లి అరిచినవాళ్లు మళ్లీ వెళ్లి మాట్లాడి రావాలి, నేనూ వస్తాను, అని. అర నిమిషం కూడా పట్టలేదు. అక్క ఫోను నా చేతిలోంచి తీసుకుని, చెవికి ఆనించుకుని, తల వంచుకుని చివరిదాకా విన్నది. విని, పంపే గుర్తు ఎక్కడుందో పిన్నమ్మను అడిగి, దాన్ని తనే నొక్కింది.